చూశావా అని అడగకూడదు

ఎలాదియో మన్సీయా అబద్ధాలకోరు కాడు. ఈ మాట ముందే అనుకోవడం మంచిది. ఎందుకంటే సంగతంతా విన్నాక అతన్ని నోటికొచ్చినట్టు తిట్టేవాళ్లు ఎలాగూ ఉంటారు. తిట్టనీ, తప్పేం లేదు. కానీ దాదాపు యాభయ్యేళ్ల బతుకులో ఒక్క మధ్యాహ్నం నోరు జారినందుకు మనిషిని కొలవాలంటే, మనలో ఎందరం ఆ తూకానికి నిలుస్తాం?

పరానా నది ఒడ్డున, కొర్రియెంతెస్ పట్నానికి ఎగువన ఉన్న జాలరుల ఊళ్లో పుట్టాడు. నడక కంటే ముందు ఈత వచ్చిందని తల్లి అందరికీ చెప్పుకునేది. పెద్దయ్యాక నౌకాదళంలో డైవరుగా చేరాడు. మునిగిపోయిన పడవల అడుగున ఏళ్ల తరబడి పని చేశాడు. ఒకసారి జలుబు చేసి ఉన్నా లెక్కచెయ్యకుండా నీళ్లలోకి దిగి కుడి చెవి కర్ణభేరి పగలగొట్టుకున్నాడు. ఇక జన్మలో దిగొద్దన్నారు డాక్టర్లు. ఈతగాణ్ణి నీళ్లలోకి వద్దంటే ఇంకేం మిగులుతుంది? ఊరికి పోయి అరుగు మీద కూచుని, వచ్చేపోయేవాళ్ల వలలు బాగుచేస్తూ, భార్య సణుగుడు వింటూ కాలక్షేపం చేస్తున్న రోజుల్లో రుఫీనో అల్బర్నోస్ వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు. నౌకాదళంలో అతనికి డైవింగ్ నేర్పినవాడు ఆయనే.

"దిగేవాళ్లు బోలెడుమంది ఉన్నార్రా. దిగినవాళ్లని కనిపెట్టుకుని కూచునేవాడే దొరకట్లేదు. వస్తావా?"

"ఎక్కడికన్నా?"

"చలికి."

అలా అంటార్కిటికాకి వచ్చిపడ్డాడు. అప్పటినుంచి ప్రతి వేసవీ ఆ ఎర్రరంగు రేకుల గదుల స్టేషన్‌లోనే. సైంటిస్టులు సముద్రం అడుగుకి దిగి నాచులూ, స్పాంజీలూ, పేరు పలకలేని పురుగులూ చూసుకుంటారు. వాళ్లు దిగడానికి ముందూ, వచ్చాకా చెయ్యాల్సిన చాకిరీ అంతా ఎలాదియోది. కంప్రెసర్‌తో సిలిండర్లలో గాలి నింపాలి. నింపేముందు ఆ గాలిని ముక్కు దగ్గర పెట్టుకుని నూనె వాసన ఉందేమో చూడాలి. రబ్బరు సూట్ల మెడపట్టీలు చిరగకుండా పౌడరు రాయాలి. పైకి వచ్చినవాళ్ల చేతితొడుగుల్లో గోరువెచ్చని నీళ్లు పొయ్యాలి, లేకపోతే వేళ్లు కొయ్యబారిపోయి చెంచా కూడా పట్టుకోలేరు. మధ్యలో డీజిలు పీపాలు దొర్లించడం, గుమ్మాల ముందు మంచు తవ్విపొయ్యడం. ఇక అందరితో పాటు వంతులవారీగా 'మరియా' కావడం ఎలాగూ తప్పదు. ఆ రోజు మరియా ఎవరైతే వాళ్లే అంట్లు తోమాలి, నేల తుడవాలి, మరుగుదొడ్లు కడగాలి. కెప్టెనైనా సరే, డాక్టరైనా సరే. గడ్డాలు పెంచుకున్న మగాళ్లని మరియా అని పిలిచి పనులు చెప్పడం ఆ స్టేషన్ వాళ్లకి ఎప్పటికీ పాతబడని సరదా.

ఇవన్నీ ఒక ఎత్తు, బండ మీద కాపలా ఒక ఎత్తు. రేవు పక్కన నల్లటి బండ ఒకటి ఉంది. డైవర్లు దిగేముందు చాలాసేపు, దిగినంతసేపూ ఒక మనిషి దాని మీద దుర్భిణితో కూచోవాలి. చూడాల్సింది చిరుతసీలు అనే సముద్రజంతువు కోసం. ఒంటి మీద మచ్చలూ, పాముకున్నట్టు తలా, మనిషి తల పట్టేంత నోరూ ఉన్న సీలు అది. పెంగ్విన్లని పట్టి, నీళ్ల మీద విదిలించి, చర్మం ఒలుచుకుని తింటుంది. మనిషిని చూసి ఏమనుకుంటుందో ఎవరూ చెప్పలేరు. అది కనిపిస్తే కాపలావాడు వాకీటాకీలో ఒక్కటే మాట అనాలి, "చిరుత" అని. పడవలో ఉన్న రుఫీనో నీళ్లలోకి వేలాడే ఇనపగొట్టాన్ని సుత్తితో బాదుతాడు. ఆ చప్పుడు వినగానే కిందున్నవాళ్లు చేతిలో ఏమున్నా వదిలేసి పైకి రావాలి.

దానికో కట్టుబాటు ఉంది. డైవర్లు పడవలోకి ఎక్కేదాకా కాపలావాణ్ణి ఎవరూ ఏమీ అడగకూడదు. ముఖ్యంగా "చూశావా?" అని అడగకూడదు. మంచుగడ్డని చూసి చిరుత అనుకున్నా, పెంగ్విన్‌ని చూసి బెదిరినా, చీవాట్లుండవు, వెక్కిరింతలుండవు. బండ దిగివచ్చినవాడికి వేడివేడి మాతే, అంటే వాళ్ల ఆకుల టీ, కలిపి ఇస్తారు, అంతే. పులి పులి అని అరిచిన కుర్రాడి కథలో మూడోసారి ఎవరూ రారు కదా, ఇక్కడ నూరోసారి అరిచినా వస్తారు. ఈ కట్టుబాటు పెట్టింది రుఫీనోయే. "అనుమానం అనేది ఉందే, అది ఒక్క క్షణమే. కింద ఉన్నవాడి ప్రాణమూ ఒక్క క్షణమే" అనేవాడు.

ఆ ఏడాది డాక్టర్ లూర్దెస్ ఇర్యార్తెది ఆఖరి వేసవి. మూడేళ్ల కింద ఆమె రేవు అడుగున ఒక ఇనపచట్రం బిగించి, దానికి పలకలు కట్టి వదిలింది. మంచుకొండ కరిగి బురదనీళ్లు కలుస్తున్నచోట, ఖాళీ పలక మీద ముందు ఏ జీవి వచ్చి స్థిరపడుతుందో చూడాలని ఆమె పట్టుదల. మూడు చలికాలాలు అది మంచు కింద పడి ఉంది. ఇప్పుడు దాన్ని పైకి తెచ్చుకోవాలి. ఓడ వచ్చేలోపు తేలేకపోతే మళ్లీ రావడానికి డబ్బిచ్చేవాళ్లు లేరు. నలుగురికీ తెలిసిన సంగతే.

అది ఆదివారం. అంతకుముందు రోజు శనివారం, పిజ్జాల రోజు. తిన్నాక వంటవాడు ఒత్తావియోతో త్రూకో పేకాటకి కూచున్నాడు ఎలాదియో. ఒత్తావియో తుకుమాన్ వాడు, నోట్లో నువ్వుగింజ నానదు, ఓడిపోతే మాత్రం లేవనివ్వడు. సూర్యుడు అస్తమించని చోట పొద్దుపోయిందని ఎవడికి తెలుస్తుంది? కళ్లు మూతలు పడుతుండగా మర్నాడు బండ ఎక్కాడు. గాలి లేదు. ఎండ వెచ్చగా వీపు మీద పడుతోంది. కింద లూర్దెస్, ఆమె జత డైవరు బెర్నాబే నీళ్లలోకి దిగారు. రెండు చోట్ల బుడగలు లేస్తున్నాయి. దుర్భిణి ఒళ్లో పెట్టుకుని ఒక్క గుక్క మాతే తాగాడు.

మంచుకొండ నుంచి పెళ్ల విరిగిపడ్డ చప్పుడుకి ఉలిక్కిపడి లేచాడు. చేతిలో మాతే చల్లారిపోయి ఉంది. ఎంతసేపు నిద్రపోయాడో తెలియదు. రేవంతా అద్దంలా ఉంది, బుడగలు ఇంకా లేస్తూనే ఉన్నాయి. ఆ నున్నటి నీళ్ల కిందికి ఏం దూరిందో, ఏం దూరలేదో దేవుడికెరుక.  పిలవాలి, వాళ్లని పైకి పిలిచెయ్యాలి. వాకీటాకీ నొక్కి, "చిరుత" అన్నాడు.

మాట పూర్తయ్యేలోపే రుఫీనో సుత్తి మోగింది.

ఇంతవరకు అతని తప్పేం లేదనే చెప్పాలి. నిద్రపోవడం తప్పే గానీ, మెలకువ వచ్చాక చేసిన పని సరైనదే. ఒడ్డుకి వచ్చాక "అన్నా, కునుకు పట్టేసింది, భయమేసి పిలిచాను" అని ఉంటే రుఫీనో నాలుగు తిట్టి ఊరుకునేవాడు. అలా అనలేదు, అక్కడే నాశనమయ్యాడు.

లూర్దెస్ మోకాళ్ల లోతు నీళ్లలోంచి నడిచొస్తూ ముఖం మీది మాస్కు తీసింది. పెదాలు నీలంగా ఉన్నాయి. "చట్రం బోల్టులన్నీ విప్పేశానన్నా, పైకి తేల్చే బెలూను కట్టడమే మిగిలింది" అంది. కోపం లేదు ఆ గొంతులో. "ఎటునుంచి వచ్చిందది?"

అందరూ అతనివైపే చూస్తున్నారు. బెర్నాబే, రుఫీనో, ఏప్రనుతో పరిగెత్తుకొచ్చిన ఒత్తావియో.

"అదిగో, ఆ మంచుపెళ్లల పక్కనుంచి" అన్నాడు ఎలాదియో.

"పెద్దదా?"

"పెద్దదే." అక్కడితో ఆగవచ్చు కదా. ఆగలేదు. వాళ్లు నమ్మలేదేమో అనిపించింది అతనికి, నమ్మని మనిషి ఒక్కడూ లేని చోట. "మీ బుడగల వెనకాలే వచ్చింది. బుడగలు ఎటు పోతే అటు తిరిగింది."

రుఫీనో ముఖం మారిపోయింది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఊరికే దారినపోయే చిరుత అయితే మర్నాటికి రేవు తెరిచేస్తారు. బుడగల వెంట పడ్డం మరిగిన చిరుత అలా కాదు, మళ్లీ మళ్లీ అక్కడికే వస్తుంది. "రేవు మూసేస్తున్నాను" అన్నాడు రుఫీనో. "అది పోయిందని నాకు నమ్మకం కుదిరేదాకా ఎవరూ దిగడానికి వీల్లేదు."  బోల్టులు విప్పిన చట్రం కింద వదులుగా పడి ఉంది. పెద్ద మంచుగడ్డ ఒక్కటి అడుగు రాసుకుంటూ వచ్చిందంటే మూడేళ్ల పని పిండిపిండే.

ఆ సాయంత్రం ఒత్తావియో కేకు చేసి, దాని మీద చాక్లెట్‌తో మచ్చల సీలు బొమ్మ వేసి ఎలాదియో ముందు పెట్టాడు.

"ఇదిగో బావా, నీ పెళ్లాం. మీ ఆవిడకి చెప్పనులే."

అందరూ నవ్వారు. లూర్దెస్ లేచి వచ్చి ఎలాదియో చెంప మీద ముద్దు పెట్టి, "మా అమ్మమ్మ చేతి అల్ఫహోర్ బిస్కెట్లు దాచుకున్నానన్నా. ఆఖరి డబ్బా. ఇది నీది" అని చేతిలో పెట్టింది. "మా అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. నీ పేరు మీద కొవ్వొత్తి వెలిగిస్తానంది."

ఎలాదియోకి తల కొట్టేసినట్టయింది. కేకు ముక్క నోట్లో పెట్టుకున్నాడు గానీ మింగుడుపడలేదు. అల్ఫహోర్ల డబ్బా మంచం కింద దాచాడు. మూత కూడా తియ్యలేకపోయాడు.

ఇక చూడండి, ప్రకృతికి కూడా మనిషిని వెక్కిరించడం సరదా. ఆ తర్వాత వచ్చిన రోజులు ఆ వేసవి మొత్తానికీ మంచి రోజులు. గాలి లేదు, మంచుగడ్డలు లేవు, రేవు అడుగు పైనుంచే కనిపించేంత తేటగా ఉంది. ఎప్పుడూ తీరిక లేకుండా పని చేసే జనం ఒడ్డున గోళ్లు గిల్లుకుంటూ కూచున్నారు. లూర్దెస్ రోజూ పొద్దున్నే రబ్బరుబూట్లతో ఒడ్డు దాకా వెళ్లి, చేతులు చంకల్లో పెట్టుకుని నీళ్లకేసి చూసి, తిరిగొచ్చేది. ఒక్కసారైనా విసుక్కుంటే బాగుండునని ఎలాదియో దేవుణ్ణి వేడుకున్నాడు. విసుక్కోలేదు. పైగా ఎదురైనప్పుడల్లా "మళ్లీ ఏమైనా కనిపించిందా అన్నా?" అని అడిగేది.

"లేదు డాక్టరమ్మా."

"కనిపించకపోతేనే భయం. కిందే ఉందేమో."

బెర్నాబే ఇంకో రకం. కోర్దోబా కుర్రాడు, ఏ విషయమైనా వివరంగా తెలియాలి. కంప్రెసర్ గదిలోకి వచ్చి పీపా మీద కూచుని తవ్వి తవ్వి అడిగేవాడు. మచ్చలు మెడ కిందేనా, పొట్ట మీద కూడానా? దవడ దగ్గర గాటుందా? పోయినేడు గాటున్నదొకటి తిరిగింది, అదేనా? ఎలాదియో ఒకదానికి అవునని, ఇంకోదానికి గుర్తులేదని, మరోదానికి ఉన్నట్టే ఉందని చెప్పాడు. అలా చెప్పగా చెప్పగా ఆ చిరుతకి గాటు వచ్చింది, ఒక కన్ను కాస్త తెల్లబడింది, చివరికి పేరు కూడా వచ్చింది. అత్తగారు అని. భోజనాల బల్ల దగ్గర ఎవరైనా తలుపు దబ్బున తీస్తే చాలు, "అత్తగారొచ్చింది" అనేవాడు ఒత్తావియో. అందరూ నవ్వితే ఎలాదియో కూడా నవ్వేవాడు. తేలు కుట్టిన దొంగకి ఇంకేం దారి ఉంటుంది?

అతనికి సిగ్గనేది తెలియంది కాదు. కొత్తలో చెవి పగిలి డైవింగ్ పోయినప్పుడు ఊళ్లోవాళ్ల ముందు సిగ్గుపడ్డాడు. కానీ అది వేరు. అప్పుడు జనం తక్కువగా చూస్తారని సిగ్గు. ఇప్పుడు ఎక్కువగా చూస్తున్నారు, అదే చంపేస్తోంది. మరియా వంతు ఎవరిదైనా తనే లేచి గిన్నెలు తోమడం మొదలుపెట్టాడు. "ప్రాణదాతవి, నువ్వెందుకన్నా" అని స్పాంజి లాక్కునేవాళ్లు. ప్రాణదాత అన్నప్పుడల్లా నేలలోకి కుంగిపోవాలనిపించేది. అయినా నోరు విప్పలేదు. ఒక్కమాట చెబితే రేవు తెరుచుకుంటుంది, ఆమె చట్రం పైకొస్తుంది. ఆ సంగతి అతనికంటే బాగా తెలిసినవాడెవడు? ఇవాళ చెబుతాననుకుంటాడు. ఇవాళ ఒత్తావియో ఉన్నాడు, రేపు చెబుతాననుకుంటాడు.

తూర్పున మబ్బు కమ్మింది ఒక ఉదయం. గాలి తిరగబోతోందని రేడియోలో చెప్పారు. తూర్పుగాలి వస్తే మంచుకొండ ముందున్న గడ్డలన్నీ రేవులోకే వస్తాయి. కిటికీ దగ్గర నిలబడి లూర్దెస్ ఆ వార్త వింది.  వెళ్లి, పలకల కోసం తెచ్చిన ఖాళీ పెట్టెలని ఒకదాని మీద ఒకటి సర్దడం మొదలుపెట్టింది, ఇంటికి పంపేయడానికి. ఆ పెట్టెలు ఖాళీగా వెనక్కి పోతాయని ఆమె ఒప్పేసుకుంది. ఎలాదియో అది చూడలేకపోయాడు. తిన్నగా కంప్రెసర్ గదిలోకి వెళ్లాడు. రుఫీనో వంగి ఫిల్టరు మారుస్తున్నాడు.

"అన్నా, నేను చిరుతని చూడలేదు."

"ఎప్పుడు?"

"ఆ రోజు. నిద్రపోయాను. లేచేసరికి ఎంతసేపైందో తెలియలేదు. భయమేసి పిలిచాను."

రుఫీనో ఫిల్టరు కింద పెట్టాడు. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు, ఒక్కో వేలూ విడివిడిగా. తిడతాడనుకున్నాడు ఎలాదియో, చెయ్యి చేసుకున్నా బాగుండుననుకున్నాడు.

"పిలవడం మంచిదేరా. మరి బుడగల వెనకాల వచ్చిందని ఎందుకన్నావ్?"

"నమ్ముతారని."

"నమ్ముతారని" అన్నాడు రుఫీనో నెమ్మదిగా. "ఎప్పుడు నమ్మలేదురా నిన్ను? ఏనాడు, ఎవరు?"

ఎలాదియోకి ఏడుపొచ్చింది. "డాక్టరమ్మకి చెప్పేస్తానన్నా. అందరి ముందూ చెబుతాను. తర్వాత నన్ను ఓడెక్కించి పంపెయ్."

"నోర్ముయ్." రుఫీనో లేచి తలుపు వేశాడు. "నువ్వు చెబితే నీ మనసు తేలికవుతుంది. బానే ఉంటుంది నీకు. తర్వాతేమవుతుందో తెలుసా? ఇంకోనాడు ఇంకెవడో బండ మీంచి చిరుత అంటాడు. కిందున్న బెర్నాబే సుత్తి చప్పుడు విని, ఎలాదియో లాంటివాడే అబద్ధం చెప్పాడు కదా, ఈ ఒక్క బోల్టూ బిగించి పోదాం అనుకుంటాడు. వాడు బోల్టు బిగించినంతసేపు చాలదా దానికి? ఇది నీ దగ్గరా నా దగ్గరా ఆగిపోవాలి. చిరుత పోయిందని నేను చెబుతాను. ముప్పయ్యేళ్లలో వాళ్లకి అబద్ధం చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను. పో."

తలుపు దాకా వెళ్లి ఎలాదియో వెనక్కి తిరిగాడు. "రేపు బండ మీద ఎవరిని పెడతావన్నా?"

"నిన్నే. ఇవాళ్టి నుంచి నీకంటే మెలకువగా ఉండేవాడు ఈ మంచులో ఎవడూ ఉండడు."

మర్నాడు గాలి మొదలవకముందే రుఫీనో పడవలో రేవంతా ఒక చుట్టు చుట్టి వచ్చి, జాడ లేదు, తెరుస్తున్నానన్నాడు. లూర్దెస్ సూటు వేసుకోవడానికి పరిగెత్తిన తీరు చూసి ఒత్తావియో కూడా ఏ జోకూ వెయ్యలేదు. అప్పటికే చిన్నచిన్న గడ్డలు రేవులోకి జారుతున్నాయి. దిగగలిగేది ఒక్కసారే, ఆ తర్వాత దారి ఉండదు.

ఎలాదియో బండ మీద నిలబడే ఉన్నాడు, కూచోలేదు. కళ్లు మండుతున్నా రెప్ప వెయ్యడానికి భయం. బుడగలు లేచాయి. కాసేపటికి నారింజరంగు బంతి ఒకటి నీళ్ల మీద తేలింది. చట్రానికి తాడు కట్టేశారన్నమాట. ఇక పైనుంచి లాగినా వస్తుంది.  అప్పుడు, పడవకి అవతల, రెండు గడ్డల మధ్య నల్లగా ఒకటి లేచింది. గడ్డ కాదు. పొడుగాటి మెడ, పాము తల, చెవుల దాకా సాగిన నోరు. ఒక్కసారి అతనికేసి తిరిగి, చప్పుడు లేకుండా పడవవైపు మునిగింది.

"చిరుత" అన్నాడు వాకీటాకీలో.

సుత్తి మోగలేదు.

దుర్భిణిలోంచి రుఫీనో కనిపిస్తున్నాడు. సుత్తి చేతిలో ఉంది, చెయ్యి గాలిలో ఉంది. తల ఎత్తి బండకేసి చూస్తున్నాడు. తర్వాత వాకీటాకీ గరగరమంది. ఆ గొంతు వంటింట్లో విన్నారు, ల్యాబులో విన్నారు, స్టేషన్‌లో వాకీటాకీ ఉన్న ప్రతివాడూ విన్నాడు.

"చూశావా?"

ఈసారి చూశాను అనబోయి, మొదటి మాట మింగేశాడు ఎలాదియో. "చూశాను" అన్నాడు.

అప్పుడు మోగింది సుత్తి. ఆగకుండా, పిచ్చిపట్టినట్టు మోగింది.

లూర్దెస్ ముందు తేలింది. బెర్నాబే ఆలస్యమయ్యాడు. పడవ అంచు పట్టుకుని పైకి ఎగబాకుతుండగా అది కిందనుంచి వచ్చి, అతను ఈతకి కాలికి తొడుక్కున్న రబ్బరు రెక్కని కరుచుకుంది. రుఫీనో రెండు చేతులా బెర్నాబేని చంకల కింద పట్టి లాగి పడవలో పడేశాడు. రెక్క సగం దాని నోట్లోనే ఉండిపోయింది. కాలికి ఏమీ కాలేదు. ఒక్క క్షణం ముందు సుత్తి మోగి ఉంటే రెక్కకీ ఏమీ అయ్యేది కాదు.

ఒడ్డున ఎలాదియో పడవ తాడు అందుకున్నాడు. దిగుతున్న రుఫీనో అతని పక్కన ఒక్కక్షణం ఆగి, ఎవరికీ వినపడకుండా, "నాకు తెలియకపోయి ఉంటే అడిగేవాణ్ణి కాదురా" అని వెళ్లిపోయాడు.

బంతికి కట్టిన తాడు పట్టుకుని ఆ సాయంత్రమే చట్రాన్ని పైకి లాగేశారు. కొన్ని పలకలు విరిగాయి, చాలావరకు నిలిచాయి. లూర్దెస్ వాటిని సముద్రపు నీళ్ల తొట్లలో పెట్టి, ఒక్కో పలకనీ చూసి నవ్వుతూ, మధ్యలో ఏడుస్తూ తిరిగింది. భోజనాలకి అందరూ చేరారు. ఒత్తావియో దాచిన మాంసమంతా తీసి కాల్చాడు.  చిరిగిన రెక్కని బెర్నాబే బల్ల మధ్యలో పెట్టాడు.

"పెద్దాయనా, ఒకటడుగుతాను" అన్నాడు.  "ఎందుకడిగారు?"

రుఫీనో తల వంచుకునే ఉన్నాడు. "ముసలితనంరా అబ్బాయ్."

"ముసలితనమా? ఈ కట్టుబాటు పెట్టింది మీరు. పోయినేడు కొత్తగా వచ్చిన లెఫ్టినెంటు అడగబోతే వాకీటాకీ లాక్కున్నది మీరు. అడగాలనిపిస్తే ఇంకెవరినైనా అడగాల్సింది. ఎలాదియో అన్ననా? మొన్ననే మా ప్రాణాలు కాపాడిన మనిషినా?"

"నిజమే పెద్దాయనా" అన్నాడు ఒత్తావియో. ఈసారి అతని గొంతులో వేళాకోళం లేదు. "బావ ముఖం చూడండి, ఎలా పాలిపోయిందో. అంత మాట పడ్డాక మనిషి ఎలా ఉంటాడు?"

అవును, ముఖం పాలిపోయే ఉంది.  ఇప్పుడు లేచి చెప్పాలి, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ లేదు అనుకున్నాడు. రుఫీనో వద్దన్నాడు కదా అని కూడా అనుకున్నాడు. రుఫీనో వద్దన్నది వాళ్ల మేలు కోసం. తను ఆగింది అందుకోసం కాదని, ఇన్ని కళ్లు ఒక్కసారి తనమీద తిరగబడతాయన్న భయంతోనేనని అతనికి బాగా తెలుసు.

రుఫీనో లేచాడు. కోటు జేబులోంచి సుత్తి తీసి బెర్నాబే ముందు పెట్టాడు. "ఇక పడవలో నువ్వు కూచో. అనుమానం వచ్చినవాడి చేతిలో ఇది ఉండకూడదు." ఆ తర్వాత బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఎలాదియో ఎదుట నిలబడ్డాడు. పెద్దమనిషి, గురువు, ఊరికొచ్చి తలుపు కొట్టి పని చూపించినవాడు. చిన్నప్పుడు బడిలో తప్పు చేసినవాడిలా రెండు చేతులూ పక్కలకి వేలాడేసి నిలబడ్డాడు.

"నిన్ను అనుమానించాను, ఎలాదియో. అడక్కూడని మాట అడిగాను. నన్ను క్షమించు."

ఎలాదియో కళ్లెత్తలేదు. ఆయన బూట్లు మాత్రం కనిపిస్తున్నాయి, ఉప్పునీళ్లు ఇంకా ఆరలేదు. బల్ల అవతలినుంచి లూర్దెస్ మెత్తగా అంది, "పోనియ్ అన్నా. పెద్దాయన కదా. మనసులో పెట్టుకోకు."

అందరూ ఎదురుచూస్తున్నారు.

"పర్వాలేదన్నా" అన్నాడు ఎలాదియో. "క్షమించాను."

ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ కొట్టారు. ఒత్తావియో మాంసం పళ్లెం తెచ్చి, మొదటి ముక్క ఎలాదియోకే వడ్డించాడు.